ఐత్వం తెచ్చిన తంటా

యునిక్సు వంశపు వ్యవస్థలన్నీ ఒకే తల్లి బిడ్డలంటారు. నిజమే కావచ్చు. కానీ వేరు కాపురాలు పెట్టుకున్నాక ఏ ఇంటి ఆచారం ఆ ఇంటిదే. ఒక ఇంట పెరిగిన షెల్ స్క్రిప్టు మరో ఇంట అడుగుపెడితే ఏ గడప దగ్గర తట్టుకుంటుందో ముందుగా చెప్పలేం.

2016లో మా తమ్ముడి మాకింటోషు నుంచి నా ఉబుంటుకు అలాంటి స్క్రిప్టు ఒకటి వచ్చింది. నాన్నగారు సేద్యం చేసిన రోజుల్లో రాసుకున్న దినచర్యను తమ్ముడు టైపు చేయించి, మాసానికొకటి చొప్పున పన్నెండు ఫైళ్ళుగా భద్రపరిచాడు. వాటిని కలిపి, శీర్షికలు పెట్టి, అచ్చుకు అనువైన ఒకే ప్రతిగా కూర్చడం స్క్రిప్టు పని. అకారాదిగా పేరిస్తే ఆశ్వయుజం ముందుకొచ్చి కూర్చుంటుంది కనుక, చైత్రం మొదలు ఫాల్గుణం దాకా పేర్లన్నీ వరుసగా అందులోనే రాశాడు. నాన్నగారి సంవత్సరీకం నాటికి పుస్తకం బంధువుల చేతిలో పెట్టాలని మా సంకల్పం.

మొదట ఎదురైనవి గోల చేసే తప్పులు. తేదీ చూపే డేట్ ఆదేశానికి మాకింటోషులో 'వి' ఐచ్ఛికం ఉంది, గ్నూ డేట్‌కు అది తెలియదు. సెడ్‌తో ఫైలును ఉన్నచోటనే దిద్దాలంటే అక్కడ 'ఐ' తరువాత ఖాళీ కొటేషన్ల జత పెట్టాలి. ఇక్కడ అలా పెడితే గ్నూ సెడ్ ఆ ఖాళీనే ఆజ్ఞగా భావించి, అసలు ఆజ్ఞను ఫైలు పేరనుకుని, అటువంటి ఫైలు లేదని మొరపెడుతుంది. ఉబుంటు 2006 అక్టోబరులో వచ్చిన 6.10 నుంచి ఎస్‌హెచ్ అనే పేరు వెనుక బాష్‌ను తీసివేసి, వేగం కోసం డాష్‌ను నిలిపింది. సమానత్వానికి రెండు '=' గుర్తులు రాస్తే బాష్ సర్దుకుపోతుంది, డాష్ మాత్రం ఒప్పుకోదు. ఇవన్నీ అరగంట పని. అరిచి చెప్పే తప్పు మంచిది, దాని చోటు అదే చూపిస్తుంది.

తరువాతిది కొంత వినోదం. శీర్షిక ఎంత పొడవుంటే అంత పొడవున కింద గీత గీయాలి. 'మాఘం' మనకు రెండక్షరాలు. యూనికోడు లెక్కన, గుణింతాన్నీ సున్నానూ విడదీసి, నాలుగు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్లు కనుక పన్నెండు. తమ్ముడి బాష్ నాలుగు చుక్కల గీత గీస్తే, నా డాష్ బైట్లు లెక్కపెట్టి పన్నెండు చుక్కలు గీసింది. మూడు లెక్కలూ సరైనవే! స్క్రిప్టును బాష్‌కే అప్పగించి ముందుకు సాగాను.

ప్రతి తయారైంది, ఒక్క ఫిర్యాదూ లేదు. కాగితాల మీద అచ్చుతీసి అమ్మకిచ్చాను. మొదటి పుట చూసి, "ఒరేయ్, ఉగాది ఏదిరా?" అంది.

పుస్తకం జ్యేష్ఠంతో మొదలైంది. చైత్ర వైశాఖాలు లేవు. ఫైలు ఉంటేనే చేర్చు, లేకుంటే దాటిపో అని స్క్రిప్టులో ఒక షరతు ఉంది. టైపు సగంలో ఉన్న రోజుల్లో అది అవసరమే. ఇప్పుడు ఆ షరతే రెండు నెలలను నిశ్శబ్దంగా దాటేసింది. ఎల్ఎస్ అడిగితే 'చైత్రం' కళ్ళెదుట కనిపిస్తోంది. అదే పేరు మీటలతో కొట్టి తెరవమంటే లేదంటుంది!

పేర్లను ఓడీ ఆదేశానికి అందించి బైట్లు చూస్తే గుట్టు తెలిసింది. స్క్రిప్టులోని 'చైత్రం' 18 బైట్లు, డిస్కు మీది 'చైత్రం' 21. ఐత్వం రాసేటప్పుడు మనం పైన ఎత్వం పెట్టి కింద ఒక గుర్తు చేరుస్తాం కదా, యూనికోడులోనూ అంతే. ఐత్వానికి సొంత సంకేతం ఒకటుంది. ఎత్వం, దాని వెంట ఐత్వపు దీర్ఘచిహ్నం అని రెండుగా రాసినా ప్రమాణం ప్రకారం దానికి సమానమే. మాకింటోషులో అప్పటి హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది, వెతికేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగా చూసేది. అందుకే అక్కడ ఏ తేడా కనబడలేదు. టార్ మూట కట్టి తెచ్చినప్పుడు విడిపోయిన రూపమే నా ఇంటికి వచ్చింది. లినక్సుకు పేరంటే బైట్ల వరుస, అంతే. పన్నెండు మాసాల్లో ఐత్వం ఉన్నవి ఆ రెండే కావడం, అవి సంవత్సరానికి తొలి మాసాలు కావడం మా అదృష్టం. మధ్యలో ఏ మార్గశిరమో జారిపోయి ఉంటే అమ్మ కంటికైనా అందేదో లేదో.

కన్వ్ఎమ్‌వీ అనే పనిముట్టుతో పేర్లను మళ్ళీ కలిపేశాను. 2017లో మాకింటోషులకు వచ్చిన ఏపీఎఫ్ఎస్ పేరును ఇచ్చినది ఇచ్చినట్టే దాస్తుంది, కనుక కొత్త ఫైళ్ళకు ఈ బెడద తక్కువ. పాత డిస్కుల నుంచి తీసిన మూటల్లో మాత్రం విడిపోయిన ఐత్వాలు అలాగే ఉంటాయి. స్క్రిప్టులోని షరతును కూడా మార్చాను. ఇప్పుడు పన్నెండులో ఏ ఒక్కటి దొరక్కపోయినా దాని పేరు చెప్పి అక్కడే ఆగిపోతుంది.