గదికి ముందు పరిసరం

ఇల్లు తీసుకొనే ముందు పొరుగువారిని చూసుకోవాలని అరబ్బులు అంటారు. రెండు రాత్రుల బసకు కూడా ఈ మాట వర్తిస్తుంది. సెలవులలో కుటుంబాలతో విశాఖపట్నం వెళ్ళే సోదరులు ముందుగా గది అద్దె విచారిస్తారు. ఆ గది ఏ పేటలో ఉన్నదో, మస్జిద్ ఎంత దూరమో, ఇంటి పెద్దలు మెట్లు ఎక్కగలరో లేదో వారికి ఆఖరున గుర్తుకు వస్తుంది.

గత సంవత్సరం మా ఇంట ఈ విషయమే చర్చకు వచ్చింది. మా అమ్మీజాన్‌కు 78 సంవత్సరాలు, మోకాళ్ళ నొప్పులు. సముద్రాన్ని ఒకసారి కళ్ళారా చూడాలన్నది ఆమె చిరకాల కోరిక. పిల్లలేమో యారాడలోనే, కెరటాల చప్పుడు వినిపించే చోట ఉందామన్నారు. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని దివ్య ఖుర్‌ఆన్ (42:38) తెలుపుతున్నది. కనుక అందరమూ కూర్చుని మాట్లాడుకున్నాము.

యారాడ అందమైన తీరం, సందేహం లేదు. కానీ నగరానికీ దానికీ మధ్య డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నది. సుమారు 15 కిలోమీటర్ల దూరం. సింధియా మీదుగా వెళ్ళి కొండదారి ఎక్కి దిగాలి. రాత్రివేళ అమ్మీజాన్‌కు ఆయాసం వస్తే వైద్యుని కోసం ఆ దారినే తిరిగి రావాలి. రుషికొండ కూడా సముద్రం పక్కనే ఉన్నా నగరానికి ఎడంగా ఉన్నది. ఉక్కు కర్మాగారంలో బంధువులున్న వారికి గాజువాక అనుకూలం. బస్సులో దిగేవారికి ద్వారకానగర్ దగ్గర. మేము జగదాంబ కూడలి, పాతనగరం వైపు మొగ్గాము. ఆ వైపు మస్జిదులు, హలాల్ భోజనం దొరుకుతాయి. రామకృష్ణా బీచ్, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల కూడా దూరం కావు.

నమాజు సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు దాటి వెళ్ళి, ఒక ఊరిలో 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవాడు ప్రయాణికుడు. అతడు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు, మగ్రిబ్ మూడే. స్థానిక ఇమాము వెనుక నిలిస్తే మాత్రం పూర్తిగా చేయాలి. ప్రయాణంలోనైనా ఏ నమాజును దాని వేళలోనే చేయాలి గనుక మస్జిద్ సమీపంలో ఉండటం గొప్ప సౌలభ్యం. స్త్రీలకు గదిలోనే మరుగు, శుభ్రత, వుజూకు వీలు ఉండాలి. లిఫ్టు ఉన్నదా, మరుగుదొడ్డి వృద్ధులకు అనువైనదేనా అని ఫోనులోనే అడగడంలో మొహమాటం వద్దు. విశాఖలో సముద్రం తూర్పున, ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుందని తెలిస్తే దిక్కు వెతుక్కునే పని కూడా ఉండదు.

పిల్లల కోరికనూ కాదనలేదు. జుహర్ ముగించి అద్దె కారులో యారాడ వెళ్ళాము. అమ్మీజాన్ కుర్చీలో కూర్చుని, చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ నీటినే చూశారు. “ఇంత నీటిని హద్దులో నిలిపినవాడు ఎంత గొప్పవాడు, బేటా!” అన్నారు. అక్కడి అలలు బలమైనవి గనుక పిల్లలను నీటిలోకి దిగనివ్వలేదు. అసర్ ఇసుక మీదే చేసుకొని, చీకటి పడకముందే కొండ దిగి, మగ్రిబ్‌కు మస్జిద్ చేరుకున్నాము.

సోదరులారా! కుటుంబంలో అందరికన్నా బలహీనులెవరో వారికి అనువైన చోట బస చేయండి. బలమున్నవారు కొంత దూరం వెళ్ళి రాగలరు. దిగిన చోట కీడు నుండి అల్లాహ్ శరణు వేడమని దైవప్రవక్త (సఅసం) నేర్పిన దుఆను మీ పిల్లలకు కంఠస్థం చేయించండి. అల్లాహ్ మన ప్రయాణాలను శుభప్రదం చేయుగాక! ఆమీన్.