మోకాళ్లకూ మిద్దెకూ మధ్య

కింద అంగడి బాడుగకిచ్చి పైన కాపురముండే ఇల్లు కలకడలో మాదొక్కటే కాదు. ఇప్పుడు అమ్మ మోకాళ్లు మొరాయిస్తున్నాయి, కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల వెంబడి పైకి చేర్చే మెట్ల లిఫ్టు చూస్తున్నా.

ఆ కుర్చీ నడిచే పట్టాను గోడకు కాదు, సాధారణంగా మెట్లకే బిగిస్తారు. మెట్లు తిన్నగా ఉంటే సులువే. మలుపుంటే పట్టాను కొలతలకు చేయించాలి, ఖర్చు అమాంతం పెరుగుతుంది. చాలావాటికి బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా కాసేపు నడుస్తాయి (మనూళ్లో ఇదే ముందు అడగాలి!). మా మెట్లేమో ఇంటి బయట, వానకు తడుస్తూ. కాబట్టి ఆరుబయట పెట్టే రకమే కావాలి. పైకి చేరాక కుర్చీ మిద్దె వైపు తిరగాలి, లేకుంటే మెట్ల అంచునే దిగాల్సొస్తుంది.

అమ్మదేమో ఒకటే మాట: "అంత దుడ్డు దేనికిరా? కింద అంగడి ఖాళీ చేయిస్తే పోలా?"