నాన్న పాస్‌బుక్‌లో పడని డివిడెండు

"ఏరా, డివిడెండు ఇంకా పడలేదు. బ్రోకరు గానీ ఆపేశాడా?" అని నెలన్నరగా నాన్న పాస్‌బుక్ పట్టుకుని అడుగుతున్నారు. నిన్న కూర్చుని చూశా. మన దగ్గర డివిడెండు బ్రోకరు చేతికి రాదు. కంపెనీ తరఫున రిజిస్ట్రార్ నేరుగా డీమ్యాట్‌లో రాసున్న బ్యాంకు ఖాతాకి వేస్తారు. నాన్న డీమ్యాట్‌లో ఉన్నది ఎప్పుడో మూసేసిన ఖాతా. డబ్బు వెనక్కి పోయింది. బ్రోకరుకి చెప్పి ఖాతా మార్పించి, రిజిస్ట్రార్‌కి మెయిల్ పెట్టా.

ప్రకటించిన 30 రోజుల్లో చెల్లించాలని చట్టం. తప్పు కంపెనీదైతే ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా ఇవ్వాలి. కానీ వరసగా 7 ఏళ్లు మనం తీసుకోకపోతే డివిడెండే కాదు, షేర్లు కూడా ఐఈపీఎఫ్ అనే కేంద్ర నిధికి వెళ్లిపోతాయి. తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, ఆ ఫారాలూ సంతకాలూ పెద్దవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

పడాల్సింది 1,840 రూపాయలే. కానీ ఆ షేర్లు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నవి. డివిడెండు పడిందని ఫోన్‌లో మెసేజ్ మోగితే ఆయనకి ఇంకా సంపాదిస్తున్నట్టే ఉంటుంది.

ఇవాళే మీ అమ్మానాన్నల డీమ్యాట్‌లో బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఒకసారి సరిచూడండి.