బండి చెప్పే మాట

పశ్చిమ ప్రకాశం అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేవి మార్కాపురం పలకలు, కంభం చెరువు, నల్లమల అడవులు. 1970లో కొత్త జిల్లా ఏర్పడేంత వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేవి. కొండలకూ మెట్టపొలాలకూ నడుమ విస్తరించిన ఈ నేలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఊరికీ ఊరికీ మధ్య దూరమూ ఎక్కువే. ఆసుపత్రికి వెళ్లాలన్నా, సంతకు వెళ్లాలన్నా, పిల్లలను కళాశాలలో చేర్పించాలన్నా ప్రయాణం తప్పదు. అందువల్ల ఇక్కడి కుటుంబానికి బండి ఆడంబర వస్తువు కాదు, నిత్యావసరం. నాడు ఆ అవసరాన్ని ఎద్దులబండి తీర్చింది. నేడు ఎందరి ఇళ్ల ముందో, వేపచెట్టు నీడన నిలిచిన పాతదో కొత్తదో ఒక కారు తీరుస్తున్నది.

ఎద్దులబండి కాలపు రైతుకు తన బండి మాట తెలుసు. ఇరుసు కీచుమన్నదంటే కందెన ఆరిపోయిందని గ్రహించేవాడు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసిన కందెనను ఇరుసుకు పూసిన తరువాతనే బండి కట్టేవాడు. చక్రం పట్టా వదులైతే కమ్మరి దగ్గరకు, ఆకు విరిగితే వడ్రంగి దగ్గరకు వెళ్లేవాడు. ఏ పని తనదో, ఏ పని ఆ విద్య నేర్చినవానిదో అతనికి స్పష్టంగా తెలుసు. కారు వచ్చిన తరువాత ఈ తెలివిడి కొంత మరుగున పడింది. తాళం తిప్పడం, పెట్రోలు పోయించడం తప్ప తక్కినదంతా మెకానిక్ పని అనే భావన బలపడింది. అయితే కారు కూడా మాట్లాడుతుంది. శబ్దంతో, వాసనతో, పొగతో, నేల మీద రాలిన చుక్కతో తన బాధను ముందుగానే చెప్పుకుంటుంది. ఆ మాటను సకాలంలో వినడమే ఇంటి పట్టున చేయగలిగిన సంరక్షణ.

ప్రయాణించేవారే తమ వాహనాన్ని చక్కదిద్దుకోవడం మోటారు వాహనం పుట్టిన తొలినాళ్లలోనే కనిపిస్తుంది. 1888 ఆగస్టులో జర్మనీకి చెందిన బెర్తా బెంజ్ అనే మహిళ, తన భర్త కార్ల్ బెంజ్ రూపొందించిన మూడు చక్రాల మోటారు బండిలో, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకుండానే మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. ఆ దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. దారిలో ఇంధన గొట్టం పూడుకుపోతే తన టోపీకి పెట్టుకునే సూదితో దానిని శుభ్రం చేసింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవానిచేత వాటికి తోలు వేయించింది. ఇంజన్ వేడెక్కకుండా దారి పొడుగునా నీళ్లు పోస్తూ వెళ్లింది. ఆమె చూసుకున్న ఇంధనం, చల్లదనం, బ్రేకు. మన రైతు చూసుకున్న కందెన. నేటి పెట్రోలు, డీజిలు కార్లు ఎంత అధునాతనమైనవైనా, వాటి క్షేమం ఈ నాలుగింటి మీదనే ఆధారపడి ఉన్నది.

నాటి కందెన స్థానంలో నేడు ఇంజన్ ఆయిల్ ఉన్నది. దానిని పరీక్షించడానికి పరికరాలేవీ అవసరం లేదు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆయిల్ కడ్డీని బయటకు తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి దించి తీసి చూడాలి. ఆయిల్ తడి కడ్డీ మీది రెండు గీతల మధ్య ఉంటే సరిపోయినట్లే. కింది గీత కన్న తగ్గితే లోపలి భాగాలు ఒరుసుకొని అరిగిపోతాయి. పై గీత దాటినా హానియే. ఆయిల్ పాలు కలిసినట్లు తెల్లగా మారిందంటే అందులో నీరు చేరిందేమోనని అనుమానించాలి. అటువంటి బండిని నడపకుండా మెకానిక్‌ను పిలిపించడం మంచిది.

ఇక చల్లదనం విషయానికి వస్తే, ఈ ప్రాంతంలో అది మరింత ముఖ్యం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ సాధారణం. భూగర్భ జలాలలో లవణాలు అధికం. బోరు నీరు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకోవడం ఇక్కడి గృహిణులందరికీ తెలిసిన సంగతి. ఆ నీటినే రేడియేటర్‌లో పోస్తే ఆ తెల్లటి పొర సన్నని గొట్టాల లోపల పేరుకుంటుంది. గొట్టాలు పూడుకుపోగా ఇంజన్ వేడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది. అందుకే తయారీదారులు సూచించిన కూలెంట్‌నే వాడాలి. ఈ నేల మీద మంచు కురవకపోయినా కూలెంట్ అవసరమే. అది తుప్పు పట్టకుండా కాపాడుతుంది; ద్రవం మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది.

ప్రయాణంలో టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకితే ఏ.సి. ఆపి, బండిని పక్కకు తీసి, ఇంజన్ ఆపివేయాలి. ఆ సమయంలో రేడియేటర్ మూత తీయడం ప్రాణాంతకం కావచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో వలె అక్కడ కూడా ఒత్తిడి వల్ల ద్రవం నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, ఆ ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. విద్యార్థి భౌతికశాస్త్రంలో చదివిన పాఠమే ఇక్కడ రోడ్డు పక్కన ఎదురవుతుంది. పరీక్షలో దానిని మరచిపోతే కొన్ని మార్కులు పోతాయి. ఇక్కడ మరచిపోతే ఒళ్లు కాలుతుంది.

ఎండకు తోడు దుమ్ము. పలకరాయి గనుల చుట్టుపక్కల దారులలో, కోతల కాలంలో పొలం గట్ల వెంట బండి పీల్చే గాలి నిండా ధూళియే. ఇంజన్ కూడా ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరిని వడగట్టేది ఎయిర్ ఫిల్టర్. పుస్తకంలో చెప్పిన గడువు కన్న ముందుగానే ఇక్కడ దానిని తీసి చూడవలసి వస్తుంది. క్లిప్పులు విప్పి ఫిల్టర్‌ను బయటకు తీయడం చాలా కార్లలో ఐదు నిమిషాల పని. అది దుమ్ముతో నిండిపోతే బండి లాగదు. ఇంధనం ఎక్కువగా ఖర్చవుతుంది.

టైరును చదవడం కూడా ఒక విద్యయే. రెండు అంచులు అరిగితే గాలి తక్కువైనదని, నడుమ భాగం అరిగితే గాలి ఎక్కువైనదని, ఒకే అంచు అరిగితే చక్రాల అమరిక తప్పినదని అర్థం. ఉండవలసిన గాలి ఎంతో చాలా కార్లలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉంటుంది. బండి ఎక్కువ దూరం నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు ఇక రోడ్డుకు పనికిరాదు. స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో చూడకుండా అడవి దారి పట్టడం, ఖాళీ కుండతో ఎడారికి వెళ్లడం వంటిది.

ఉదయాన బండి కదలకపోవడం అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. "అన్నా, బండి స్టార్ట్ కావడం లేదు" అని ఫోన్ చేసిన యజమానిని అనుభవజ్ఞుడైన మెకానిక్ వెంటనే ఖర్చులోకి దింపడు. "తాళం తిప్పితే ఏమైంది సార్? లైట్లు వెలిగాయా? టక్కుమని శబ్దం వచ్చిందా? ఇంజన్ తిరిగిందా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నలలోనే సగం వైద్యం ఉన్నది. లైట్లు మసకబారి, టక్కుమనే శబ్దం మాత్రమే వస్తే సాధారణంగా లోపం బ్యాటరీలోనో, దాని కనెక్షన్లలోనో ఉంటుంది. లైట్లు కాంతిగా వెలుగుతున్నా సెల్ఫ్ తీసుకోకపోతే స్టార్టర్ మోటారును, దానికి సంబంధించిన వైర్లను అనుమానించాలి. ఇంజన్ తిరుగుతూ కూడా అంటుకోకపోతే ఇంధనం అందడం లేదో, నిప్పురవ్వ పుట్టడం లేదో చూడాలి. చాలా రోజులు కదలని బండిలో ఎలుకలు వైర్లు కొరికి ఉండవచ్చు. తేలిక కారణాన్ని ముందు చూసి, కష్టమైన దానిని తరువాత చూడడమే లోపాన్ని వెదికే పద్ధతి.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత కొద్దిగా వాజలిన్ పూయవచ్చు. అయితే విప్పేటప్పుడు ముందుగా నెగటివ్ తీగను, బిగించేటప్పుడు చివరగా నెగటివ్ తీగను ముట్టుకోవాలి. ఈ క్రమం తప్పితే పానా బండి శరీరానికి తగిలి నిప్పులు చెరగవచ్చు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. బీడీ, అగ్గిపుల్ల దరి చేరరాదు.

అన్నింటి కన్న ముఖ్యమైనది బ్రేకు. దోర్నాల నుండి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు సుమారు 50 కిలోమీటర్లు అడవిలోనే సాగుతుంది. గిద్దలూరు నుండి నంద్యాల వెళ్లేవారు దిగువమెట్ట దాటగానే నల్లమలలో ప్రవేశిస్తారు. అక్కడ బండి ఆగితే పిలిచిన వెంటనే పలికే మెకానిక్ ఉండడు. చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ కూడా అందదు. వాలులో దిగుతూ బ్రేకును అదేపనిగా తొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌లో తేమ చేరి, అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది; చక్రం మాత్రం ఆగదు. కొండ ఎక్కిన గేరులోనే కొండ దిగాలనే నియమం వెనుక ఉన్న కారణం ఇదే. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. దానిని గమనించడం యజమాని పని. విప్పి సరిచేయడం మెకానిక్ పని.

ఈ హద్దును ఎరగడం కూడా జ్ఞానమే. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎన్నడూ దూరరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపరాదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఊపిరి తీస్తుంది. విద్యుత్ కార్లలో నారింజ రంగు తీగలను ముట్టుకోరాదు. వాటిలో ప్రవహించేది ప్రాణం తీయగల విద్యుత్తు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయరాదు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. నేటి కార్లలో అనేక సెన్సార్లు, కంప్యూటర్ ఉంటాయి. చిన్న పరికరాన్ని తగిలిస్తే లోపాన్ని సూచించే కోడ్ కనిపిస్తుంది. కానీ అది నొప్పి ఎక్కడున్నదో చెబుతుందే గాని, జబ్బు ఏమిటో తేల్చి చెప్పదు. దానిని చదివి నిర్ణయించడానికి ఇప్పటికీ ఆలోచించే మనిషి కావలసిందే. మార్చిన వస్తువు, తేదీ, నడిచిన కిలోమీటర్లు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే ఆ మనిషి పని సులువవుతుంది. యజమాని మోసపోయే అవకాశమూ తగ్గుతుంది.

దసరాకు ఆయుధపూజ చేసి, బండికి పసుపు కుంకుమలు అద్ది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మన సంప్రదాయం. పనిముట్టు పట్ల కృతజ్ఞత చూపే అందమైన ఆచారమది. నిమ్మకాయ పెట్టడానికి వంగిన మనిషి ఆ టైరు గాడిని కూడా ఒకసారి వేలితో తడిమి చూస్తే ఆ పూజకు నిండుదనం వస్తుంది. ఈ పని మగవారికే పరిమితం కాదని బెర్తా బెంజ్ 1888లోనే నిరూపించింది. ఆదివారం ఉదయం పది నిమిషాలు కేటాయిస్తే ఇంటిలో ఎవరైనా ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గాలి, లైట్లు చూడగలరు.

విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన కంభం చెరువు నేటికీ నిలిచి ఉన్నది. దానిని కట్టించినవారి పేరును జనం చెప్పుకుంటారు. ఆ తరువాతి కాలంలో కట్ట మీద ముళ్లచెట్లు నరికిన చేతులు, తూములలో పూడిక తీసిన చేతులు, చిన్న బీటను చూసి పెద్ద గండి కాకముందే మట్టి వేసిన చేతులు ఎవరివో ఎవరికీ తెలియదు. నిర్మాణానికి శిలాశాసనం ఉంటుంది, సంరక్షణకు ఉండదు. ఘాట్ దిగి బండి క్షేమంగా ఇల్లు చేరిన రాత్రి, జరగని ప్రమాదాన్ని గురించి ఎవరూ మాట్లాడుకోరు. పిల్లలు కారు దిగి నిద్రమత్తులో లోపలికి నడుస్తారు. వారం క్రితం బ్రేక్ ఆయిల్ మార్పించిన సంగతి ఆ ఇంటిలో ఎవరికీ గుర్తు కూడా ఉండదు. ఆ పనికి దక్కే ప్రతిఫలం ఆ నిశ్చింతయే.