ఈనెపుల్లల గణితం

అట్టముక్కను త్రిభుజాకారంగా కత్తిరించి, అడుగుభుజం నేలకు ఆనేటట్లు నిలిపితే అయిదేళ్ళ పిల్ల తడుముకోకుండా దాని పేరు చెబుతుంది. అదే ముక్కను తలక్రిందుగా మొనమీద నిలబెడితే, కొంతసేపు తేరిపార చూచి, కాదని తల అడ్డంగా ఊపుతుంది. వాచకాలలోని త్రిభుజం ఎప్పుడూ బాసిపట్టు వేసుకొని కూర్చొనే ఉంటుంది మరి! చతురస్రాన్ని కొంచెం పక్కకు తిప్పితే అది పిల్లల దృష్టిలో చతురస్రమే కాకుండా పోతుంది. హాలండు దేశపు ఉపాధ్యాయ దంపతులు డీనా, పియరీ వాన్ హీలే 1957లో సమర్పించిన సిద్ధాంత వ్యాసాలలో దీనికి కారణం వివరించారు. తొలిమెట్టున ఉన్నవారు ఆకారాన్ని, మనిషి ముఖాన్ని పోల్చుకున్నట్లు, మొత్తంగా పోల్చుకుంటారు. భుజాలనూ మూలలనూ విడదీసి చూడటం ఆ పైమెట్టు.

ఆ మెట్టు ఎక్కించవలసినది కన్ను కాదు, చేయి.

అండమాన్ నికోబార్ దీవులలో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో మరొక భాష వినే పిల్లవానికి ఆకారం పేరు కంఠస్థం కావడం ఎంత సులభమో, ఆకారం చేజారిపోవడమూ అంతే సులభం. పేరు ఏ భాషలో వచ్చినా వేళ్ళకు వస్తువు తెలియాలి. అందుకు కొనవలసినది ఏమీ లేదు. దీవులలో కొబ్బరిచెట్టుకు కరవు లేదు.

ముదిరిన ఈనెలను జానెడేసి పొడవున విరిచి, మూడింటిని కొసలవద్ద దారంతో ముడివేయాలి. పిల్లవాడు ఆ త్రిభుజాన్ని ఎటు నెట్టినా దాని రూపు మారదు. నిలబెట్టినా, బోర్లించినా అది అదే. ఇక నాలుగు పుల్లలు కట్టి చతురస్రం చేస్తే, వేలితో తాకగానే పక్కకు వాలిపోతుంది. పిల్లలు నవ్వుతారు. ఎదురెదురు మూలలను కలుపుతూ కొంచెం పొడవైన అయిదవ పుల్ల కట్టగానే ఆ వాలడం ఆగిపోతుంది. ఎందుకాగిందని అడిగితే, అందులో రెండు త్రిభుజాలున్నవని ఎవరో ఒకరు కనిపెట్టక మానరు. ఆనాటి నుండి ఇంటి పైకప్పు దూలాలను వారు వేరుగా చూస్తారు. ఇంగ్లీషువాడు ఈ ఆకారానికి పేరు పెట్టినప్పుడు కోణాలను లెక్కించాడు. మన త్రిభుజం చేతులను లెక్కించింది. పుల్లలు కట్టే పిల్లలకు మన మాటే దగ్గర.

కొబ్బరికాయ, వెదురుముక్క, చెక్కదిమ్మ ఈ మూడింటినీ ఏటవాలు పలకమీద వదలితే ఏది ఎటైనా దొర్లునో, ఏది ఒకవైపే దొర్లునో, ఏది జారునో తేలిపోతుంది. ఫ్రోబెల్ మహాశయుడు 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గులో ప్రారంభించిన ఆటవస్తువుల పద్ధతిలో ఈ గోళం, స్తూపం, ఘనం ముఖ్యమైనవి. ఘనాన్ని దారానికి వేలాడదీసి గిరగిర తిప్పితే స్తూపంలా కనబడుతుంది! చెక్క ఆకారాల అంచులవెంట వేలు నడిపించిన మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. దీవులకు ఓడలు బయలుదేరే రేవు కూడ ఆ ఊరిదే.

నేర్చుకొనడానికి దీవులలోనే ఒక గొప్ప నమూనా ఉండేది. కార్ నికోబారులోని సంప్రదాయపు ఇల్లు గుంజలమీద నిలిచిన గుండ్రని గుమ్మటం. దూరం నుంచి తేనెటీగల గూడులా తోస్తుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తీరగ్రామాలను ఊడ్చిపెట్టిన పిమ్మట, వాటి స్థానంలో ఎక్కువగా రేకుల కప్పుల ఇళ్ళు వెలిసినవి. అవన్నీ సరళరేఖలు. గుండ్రని ఇంటిలో పుట్టిన తాతకూ, పలకవంటి గోడల నడుమ పెరిగే మనుమనికీ మధ్య ఒక ఆకారమే తప్పిపోయింది.

దానిని చేతులతో కట్టి చూపవచ్చును. పచ్చి ఈనెలను విల్లులా వంచి, వాటి కొసలను ఒక గుండ్రని చట్రానికి కట్టి, నడినెత్తిన అన్నింటినీ కలిపి ముడివేస్తే గుమ్మటం నిలుస్తుంది. ఇంతకు ముందు నిటారుగా ఉన్న పుల్లలే ఇవి. క్రింద గుంజలు ఎన్ని పెట్టాలన్నది మాత్రం పిల్లలకే వదలివేయడం మంచిది. మూడు పెట్టినవాని ఇల్లు ఎగుడుదిగుడు నేలమీద కూడ ఊగదు. నాలుగు పెట్టినవాడు ఒక గుంజ క్రింద గులకరాయి దోపవలసి వస్తుంది.