తుపాకీ లేదు... గురి మాత్రం అదే!

‘‘ష్... మాటాడకండి బాబూ! ఊపిరి సగం వదిలీసి ఆపండి. ఇప్పుడు సూడండి...’’

ఈ మాటలు వింటే ఎవరో వేటగాడు తుపాకీ కాల్చడం నేర్పిస్తున్నాడేమో అనిపిస్తుంది. నేర్పిస్తున్నాయన తుపాకీ పట్టిన మనిషే. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాడు. కాకపోతే మా ముందున్నది తుపాకీ కాదు, మూడు కాళ్ల స్టాండు మీద బిగించిన దుర్భిణి. ఎదురుగా ఓ పెద్ద చింతచెట్టు. కొమ్మకొమ్మకీ తెల్లటి మూటలు కట్టి వేలాడదీసినట్టుగా గూడబాతులు!

ఇది శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి ఇక్కడ గూళ్లు కట్టుకుంటాయి. పిల్లల్ని పెంచి మార్చి, ఏప్రిల్‌కల్లా ఎగిరిపోతాయి. వాటిని చూద్దామని బయల్దేరిన నాకు, దారి పొడవునా వేట కథలే ఎదురయ్యాయి.

పులుల సీమ

మొదటి మజిలీ విజయనగరం. 1713లో విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు పునాది వేశారని చెప్పే కోట, బొంకుల దిబ్బ, గంటస్తంభం... ఊరంతా రాజుల జ్ఞాపకాలే. ఈ వంశంలో పుట్టిన విజయానంద గజపతిరాజు, అదే మన ‘విజ్జీ’, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆయన బ్యాటు కన్నా తుపాకీయే బాగా పలికిందని ఓ చమత్కారం. మూడొందలకు పైగా పులుల్ని కొట్టాడని క్రికెట్ లోకం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో పులిని కొట్టడం గొప్ప. దాని మీద కాలు పెట్టి ఫొటో దిగడం ఇంకా గొప్ప. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ గొప్పే నేరమైంది.

అక్కణ్నుంచి బొబ్బిలి. పెబ్బులి అన్న మాటే బొబ్బిలి అయిందంటారు. 1757 జనవరి 24న ఇక్కడ జరిగిన యుద్ధం తెలియని తెలుగువాళ్లుండరు. బుస్సీ ఫిరంగులు మట్టికోట గోడల్ని పగలగొట్టాయి. కానీ ఆనాటి సిపాయి చేతిలోని తుపాకీ సంగతి తెలుసా? గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు గొట్టం కన్నా కాస్త చిన్నది కావడంతో అటూ ఇటూ తగులుతూ బయటికొచ్చేది. ఎటు పోతుందో దానికే తెలియదు! వంద గజాలు దాటితే గురి చూసిన మనిషికి తగలడం అదృష్టమే. అందుకే సిపాయిలు వరసలు కట్టి ఒక్కసారిగా పేల్చేవారు. గొట్టం లోపల మెలికల గాడులు చెక్కిన తుపాకులు తర్వాత విరివిగా వాడకంలోకి వచ్చాయి. ఆ గాడుల వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా వెళ్తుంది. దాన్నే రైఫిల్ అన్నారు. దానిమీద దుర్భిణి బిగించాక వేటగాడికి దూరం ఓ లెక్కలోకి రాలేదు. జంతువుకి మాత్రం దాక్కునే చోటు తగ్గిపోయింది.

పెద్దగా కనిపిస్తే చాలదు!

రాజాం, చిలకపాలెం మీదుగా జాతీయ రహదారి ఎక్కి టెక్కలి చేరేసరికి సాయంత్రమైంది. మర్నాడు పొద్దున్నే తేలినీలాపురంలో హవల్దారుగారు పరిచయమయ్యారు. పింఛను డబ్బుల్లోంచి దాచుకుని కొన్న దుర్భిణి ఆయనది. సైన్యంలో నేర్చుకున్న గురి పాఠాలన్నీ ఇక్కడ పిట్టలకి పనికొస్తున్నాయని నవ్వుతారు.

‘‘అందరూ ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదనుకుంటారు బాబూ. అది కాదు. ఎంత పెద్దగా సూపిస్తే సెయ్యి వణుకు కూడా అంత పెద్దగా కనిపిస్తాది’’ అన్నారు. నిజమే, పది రెట్లు పెద్దది చేసే అద్దాల్లో మన వణుకూ పది రెట్లే! పైగా వెలుతురు తగ్గుతుంది. ముందుండే అద్దం వెడల్పుని ఎన్ని రెట్లో ఆ అంకెతో భాగిస్తే కంటికి చేరే వెలుతురు చుక్క ఎంత వెడల్పో తెలుస్తుంది. 8x42 అని రాసి ఉంటే 42ని 8తో భాగించాలి... అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. మసక వెలుతురులో మన కంటిపాప తెరుచుకునేది కూడా దాదాపు అంతే. అదే 60 మిల్లీమీటర్ల అద్దంతో 60 రెట్లు చూద్దామనుకుంటే ఒక్క మిల్లీమీటరే. బొమ్మ పెద్దదే కానీ చీకటి.

ఎండెక్కితే మరో చిక్కు. పక్కనే నౌపడ ఉప్పు మడులు. నేల వేడెక్కి గాలి సెగలా ఆడుతుంటే, ఎంత ఖరీదైన అద్దమైనా పిట్టని నీళ్లలో నీడలాగే చూపిస్తుంది. అప్పుడు రెట్లు తగ్గించుకోవాలి. లేదా పొద్దున్నే రావాలి.

‘‘మరి రైఫిల్ మీద బిగించేదానికీ దీనికీ తేడా?’’ అనడిగాను. రైఫిల్ వెనక్కి తన్నుతుంది కాబట్టి దాని దుర్భిణిని కంటికి మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉంచి చూసేలా చేస్తారట. మధ్యలో గురి గీతలుంటాయి. బిగింపు వదులైతే అద్దం ఎంత మంచిదైనా దండగే. ముందు వంద మీటర్ల దూరంలో అట్ట పెట్టి మూడు నాలుగు గుళ్లు కాలుస్తారు. అన్నీ ఒకేచోట పడితే తుపాకీ, చెయ్యి కుదిరినట్టు. ఆ గుంపు మధ్యకి జరిగేలా మరలు తిప్పుకోవడం తర్వాతి పని. డిగ్రీలో అరవయ్యో వంతు తప్పితే వంద మీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లు, మూడొందల మీటర్ల దగ్గర తొమ్మిది సెంటీమీటర్లు పక్కకి పోతుంది.

‘‘గుండు తప్పితే జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో సస్తాది. ఇక్కడ నా గురి తప్పితే ఏటవుతాది? మళ్లీ సూసుకుంటాను, అంతే’’ అన్నారాయన.

కదలని పిల్ల

ఆ పొద్దున ఆయన ముఖంలో నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పైకొమ్మ గూట్లో మూడు పిల్లలు. ఒకటి తల వాల్చేసి ఉంది. కదలడం లేదు. ఆయన మళ్లీ మళ్లీ అద్దంలో కన్ను పెడుతున్నారు. కారణముంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఇక్కడి చెట్లనీ వదల్లేదు. 2021 డిసెంబరు, ఆ తర్వాతి జనవరిలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా పొట్టలోకి చేరిన నులిపురుగులే కారణమని తేలింది. ‘‘అప్పుడూ ఇలాగే... తలలు వాల్చీసీవి’’ అన్నారు మెల్లగా.

నన్నూ చూడమన్నారు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపాను. పావుగంట గడిచింది. ఇంకో పది నిమిషాలు. ఉప్పు మడుల వైపు నుంచి ఓ గూడబాతు, రెక్కల చివరి నుంచి చివరికి ఎనిమిదడుగులుంటుంది, గాలిలో తేలుతూ వచ్చి కొమ్మ మీద వాలింది. అంతే! వాలిపోయిన తల ఒక్కసారిగా లేచింది. తోబుట్టువుల్ని తోసేసి తల్లి గొంతు సంచిలోకి మెడ దాకా దూరిపోయింది. ఆకలి తప్ప ఏ జబ్బూ లేదు దానికి!

‘‘దొంగముండ! నిద్దరోతంది’’ అంటూ హవల్దారుగారు కళ్లు తుడుచుకున్నారు.

ఊరివాళ్లు వీటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఈ గూడబాతులు మన దక్షిణాసియావే. సైబీరియా నుంచి వచ్చినవి కావు. అయితేనేం, ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవి వస్తే వానలూ పంటలూ బాగుంటాయని నమ్మకం. ఇంటి పెరట్లో చెట్టు మీద గూళ్లుంటే, కిందంతా రెట్ట వాసన వేసినా ఆ చెట్టుని కొట్టరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ ఇదే తీరు. అక్కడికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలొస్తాయి. చట్టం రాకముందే ఈ పల్లెలు తుపాకీ దించేశాయన్నమాట.

మీరూ వెళ్తారా?

* శ్రీకాకుళం నుంచి టెక్కలి మీదుగా రోడ్డు ఉంది. రైల్లో వస్తే నౌపడ జంక్షన్ దగ్గర. డిసెంబరు, జనవరి నెలలు మంచి సమయం. పొద్దున తొమ్మిదిలోపే చూడండి.

* పిల్లలకి బైనాక్యులర్స్ కొనాలంటే 8x42 చాలు. పది రెట్లు దాటితే స్టాండు తప్పనిసరి.

* చెట్ల కింద అరుపులు, టపాసులు వద్దు. బెదిరిన తల్లి లేస్తే గూట్లోని పిల్ల జారిపడుతుంది. అంత ఎత్తు నుంచి పడితే బతకడం కష్టం.

* గూళ్లకి దగ్గరగా వెళ్లకండి. దుర్భిణి ఉన్నది అందుకే!

వచ్చేముందు హవల్దారుగారు దుర్భిణిని తువ్వాలుతో తుడిచి, కొత్త కోడలి నగలా సంచిలో పెట్టుకున్నారు. ‘‘వచ్చే ఏడు పిల్లల్ని తీసుకురండి బాబూ. నాను గురి నేర్పుతాను’’ అన్నారు. తీసుకెళ్లాలి.