చదరంగం గళ్లలో బియ్యం లెక్క

వదినగారూ, ఆ చేట కాస్త గోడ మీద పెట్టి ఇలా వినండి. బియ్యం చూస్తే గుర్తొచ్చింది. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని వరం అడిగిన కథ మీకూ తెలుసుగా? మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో దానికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్లకీ రెట్టింపు చేసుకుంటూ పొమ్మన్నాడు. మొత్తం ఎంతయిందనుకున్నారు? 18446744073709551615 గింజలు! ఇరవై అంకెలు. లక్షా ఎనభై నాలుగు వేల కోటి కోట్ల పైమాటే. వెయ్యేళ్ల కిందటే అల్ బిరూనీ ఈ మొత్తం తేల్చిపెట్టాడు. ప్రపంచమంతటి వరి వందల ఏళ్లపాటు కొలిచినా ఆ బాకీ తీరదు.

ఇంతవరకూ చెప్పి అందరూ అబ్బో అని ఊరుకుంటారండీ. నాకైతే దాని పెద్దతనం కన్నా లోపలి అల్లిక ముద్దొస్తుంది. ఏ గడి తీసుకున్నా, దాని ముందున్న గళ్లన్నిటి కన్నా అందులో సరిగ్గా ఒక్క గింజ ఎక్కువ. అందుకే కూడికతో పనే లేదు. నాలుగు గళ్లకి 15 గింజలు. ఎనిమిదింటికి? ఆ 15కి రెండు కలిపి, 17తో దాన్నే హెచ్చవేయండి, 255. పదహారింటికి 255ని 257తో, ముప్ఫై రెండింటికి 65535ని 65537తో. గళ్లు రెట్టింపయినప్పుడల్లా ఇదే సూత్రం.

మొదటి గడి నుంచీ ఇలా రెట్టిస్తూ వస్తే వరసగా హెచ్చవేయాల్సిన ఈ 3, 5, 17, 257, 65537 ఉన్నాయి చూశారూ, అన్నీ ప్రధాన సంఖ్యలే. అన్నేసి భుజాలున్న సమ బహుభుజిని ఉత్త స్కేలూ వృత్తలేఖినీతో గీసేయొచ్చు. 17 భుజాలది కుదురుతుందని 1796లో గౌస్ కనిపెట్టాడు, అప్పటికి పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

ఇక బల్లంతా నింపాలంటే ఆఖరి హెచ్చవేత 4294967297తో. ఇదీ ప్రధాన సంఖ్యేనని ఫెర్మా 1640 నాటికే నమ్మాడు. ఆయనంతటివాడి మాట! 1732లో ఆయిలర్ వచ్చి, 641తో నిశ్శేషంగా పోతుందని చూపించాడు. దీన్ని భాగించే ఏ సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలని తర్వాత ఆయనే రుజువు చేశాడు. అలా మిగిలే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ వెంటనే 641. అయిదో ప్రయత్నానికే దొరికేస్తుందన్నమాట!

మీ పెద్దాడి చేత ఆ భాగహారం ఒక్కసారి కాగితం మీద చేయించండి వదినగారూ. 6700417 వచ్చి, కింద సున్నా మిగులుతుంది. ఎంతటివాడు చెప్పినా లెక్క చేసి చూసుకోవాలని వాడికి వేరే చెప్పనక్కర్లేదు.